పెత్వా నాలుక తీర్పు

దావావ్ అఖాతం ఒడ్డున మా ఊళ్లో, సముద్రంలో కొట్టుకొచ్చిన కొయ్యకు ఎవరూ వెంటనే ఆర్కిడ్ మొక్కను కట్టరు. ముందు వాగులో రాళ్ల కింద నానబెడతారు, తర్వాత చూరునీళ్లు పడేచోట నిలబెడతారు. అప్పటికీ నమ్మరు. కొయ్యలో కాస్త ఉప్పు మిగిలినా మొక్క వేళ్లు నల్లబడి చస్తాయి. అందుకని ఆ కొయ్యను చంకన పెట్టుకుని నాంగ్ పెత్వా ఇంటికి పోతారు. నాంగ్ అంటే మా దగ్గర అక్క అన్నట్టు. ఆవిడ దాన్ని మొదలూ కొసా నాకి, కళ్లు మూసుకుని, "కట్టుకోపో" అంటే కట్టుకోవాలి. "ఇంకో వానాకాలం" అంటే మళ్లీ వాగు దారి పట్టాలి. ఆ మాట కాదన్నవాళ్లూ ఉన్నారు గానీ, వాళ్ల మొక్కలు లేవు.

పెత్వాకు వినయం పుట్టుకతో రాలేదు, తర్వాతా అబ్బలేదు. "దేవుడు కొందరికి గొంతిచ్చాడు, కొందరికి అందమిచ్చాడు. నాకు నాలుకిచ్చాడు" అని చర్చి మెట్ల మీదే చెప్పేది. ఆ నాలుకకు రెండు పనులు. ఒకటి ఉప్పు పట్టడం, రెండోది మనుషుల్ని దులపడం. రెండింట్లోనూ ఆవిడకు సాటి లేరని ఊరు ఒప్పుకుంది.

ఆ ఏడు వానలకు ముందు ఆవిడకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ రుచిని ఎత్తుకుపోయింది. కాఫీ వేడినీళ్లయింది, ఎండుచేప అట్టముక్కయింది. ఈ సంగతి పెత్వా మొగుడు ఇస్లావ్‌కు కూడా చెప్పలేదు. రేపోమాపో అదే తిరిగొస్తుందిలే అనుకుంది. వంట చేతి అలవాటు మీద నడిచిపోయేది. ఇస్లావ్ తలొంచుకుని తినేవాడు, ఎప్పట్లాగే "బాగుంది" అనేవాడు. చేపల వేటలో ముసలివాడైన మనిషి, మాటలు పొదుపుగా వాడతాడు. కొయ్యలు తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు. పెత్వా నాకేది, కళ్లు మూసుకునేది, కొయ్య రంగూ బరువూ చూసి తీర్పు చెప్పేసేది. ఇన్నేళ్ల అనుభవం ఎక్కడికి పోతుందని తనకు తాను సర్ది చెప్పుకుంది.

ఒక ఉదయం కోన్సింగ్ వచ్చింది. ఇస్లావ్‌కు చెల్లెలు, పెత్వాకు ఆడపడుచు, ఊరికి వార్తాపత్రిక. చేతిలో వేళ్లు నల్లబడిన ఆర్కిడ్ వేలాడుతోంది.

"చూడు నాంగ్, నీ నిర్వాకం! కట్టుకోపో అన్నావు గదా?"

"ఉప్పు బావినీళ్లు పోసుంటావ్."

"వాననీళ్లే పోశా."

"అయితే ఎక్కువ పోసుంటావ్. నీకు ఏదైనా ఎక్కువే గదా, మాటలతో సహా."

"ఆహా! మొక్క పోయిందీ నాదే, తిట్లూ నాకేనా? దీనికి తోడు మా కపితాన్ ఒకడు!" కపితాన్ అంటే ఆవిడ మేకపోతు. ఓడ కెప్టెన్‌లా గడ్డం ఉందని పెట్టిన పేరది. "తాడు తెంపుకొచ్చి మరీ ఆ కొయ్యని నాకుతాడు. ఆకు ముట్టడు, పువ్వు ముట్టడు. ఆ మాయదారి కొయ్యే కావాలి వాడికి!"

పెత్వాకు అప్పుడు తట్టింది. మేకకు ఉప్పంటే ప్రాణం, ఎవరికి తెలియదు? కోన్సింగ్ కొయ్యలో మేకకు తెలిసినంత ఉప్పుంది, తనకు తెలియలేదు. "తలనొప్పిగా ఉంది, పో" అని ఆడపడుచును పంపేసి పెరట్లోకి నడిచింది.

పెరట్లో తన అమ్మ పెంచిన వాలింగ్-వాలింగ్ ఆర్కిడ్ ఉంది. కొండ మీది అడవిలో పెద్ద చెట్టు కూలినప్పుడు అమ్మ గంపలో పెట్టుకుని దింపుకొచ్చిన మొక్క అది. ఇప్పుడు అక్కడ ఆ అడవి లేదు. మొక్కను మోస్తున్న పాత కొయ్య చెదపట్టి, వేలు పెడితే పిండిలా రాలుతోంది. మొక్కకు కొత్త వేళ్లు ఆకుపచ్చ మొనలతో బయటికొస్తున్నాయి. ఇప్పుడు కడితేనే కొత్త కొయ్యను పట్టుకుంటాయి. ఈ అదను దాటితే వచ్చే ఏటిదాకా ఆగాలి, అందాకా పాతది నిలవదు. ఇస్లావ్ తుఫాను తర్వాత ఏరి తెచ్చి, వాగులో నానబెట్టిన మొలావే చెట్టు మొద్దు సిద్ధంగానే ఉంది. మొన్నే నాకి, ఉప్పు లేదని తేల్చింది. ఇప్పుడా మాటకు విలువెంత? పెత్వాకు భయం వేసింది. అమ్మ పోయినప్పుడు ఏడ్చింది గానీ ఇలా భయపడలేదు.

కోన్సింగ్‌ను నాకమనవచ్చు. అంటే మధ్యాహ్నానికి చేపల బజారంతా నవ్వుతుంది. ఆడపడుచు నాలుకను అడిగేకంటే మేక నాలుకను అడగడమే నయం అనుకుంది. మర్నాడు కంచె దగ్గర నిలబడి కేకేసింది.

"కోన్సింగ్! మీ కపితాన్ని ఓసారి పంపు. పెరట్లో గడ్డి పెరిగింది."

"నీ పెరట్లో గడ్డా? మట్టిని కూడా ఊడ్చే మనిషివి!"

మేకతో పాటు కోన్సింగ్ కూడా వచ్చింది. రాకపోతే ఆశ్చర్యపడాలి. పెత్వా ముందుగా ఆ ఉదయమే ఒడ్డున ఏరిన కొయ్యను మేక ముందు పడేసింది. కపితాన్ కళ్లు మూసుకుని చప్పరిస్తూ నాకాడు.

"అచ్చం నీలాగే ఉన్నాడే!" అంది కోన్సింగ్.

పెత్వా మొలావే మొద్దును ముందుకు జరిపింది. మేక వాసన చూసింది, ఒకసారి నాలుక తగిలించింది, మూతి తిప్పేసుకుంది. పెత్వాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ కపితాన్ అక్కడితో ఆగలేదు. మెట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఇస్లావ్ దగ్గరికి పోయి, ఆయన చొక్కా జేబులో మూతి పెట్టాడు. ఇస్లావ్ నెట్టాడు, మేక లాగింది. జేబు పర్రున చిరిగి, అరిటాకు పొట్లం కింద పడి విప్పుకుంది. నిండా కల్లుప్పు.

"జేబులో ఉప్పేంటి నోంగ్?" అని అన్నను అడిగింది కోన్సింగ్. ఇస్లావ్ వల కన్నాలు లెక్కపెట్టుకుంటున్నట్టు తలొంచుకున్నాడు.

పెత్వాకు అర్థమైంది. "ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గాక మునగాకేసి చేపల చారు కాచావు చూడు. అప్పట్నుంచి."

"బాగుందన్నావు గదా!"

"ఉప్పేసుకున్నాక బాగానే ఉంది."

"మరి నేను ఊళ్లో వాళ్ల కొయ్యలు నాకుతుంటే నోరెందుకు మూసుకున్నావు?"

"చెప్తే తిట్టవా? తిట్టే నాలుకకేం కాలేదు గదా."

కోన్సింగ్ నవ్వలేక నేల మీద కూలబడింది. ఉన్నట్టుండి నవ్వు ఆపింది. "అంటే నాంగ్, నీ నాలుక..."

"పోయింది." పెత్వా కంచె అవతలివాళ్లకు కూడా వినపడేలా అంది. "జ్వరంతో పోయింది. నీ మొక్కని చంపింది నేనే. అమ్మది తప్ప నా వాటిల్లో నీకు నచ్చింది తీస్కో. చాటింపు వేసుకుంటావా, వేసుకోపో. మేకని మాత్రం ఇక్కడే ఉంచు."

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చేతులు కడుక్కురా. ఉప్పు చేతులు."

అమ్మ పోయాక ఆ మొక్కను పెత్వా తప్ప ఎవరూ ముట్టలేదు, ముట్టనివ్వలేదు. ఆ రోజు ఇస్లావ్ దాన్ని మొద్దుకు ఆనించి రెండు చేతులతో పట్టుకున్నాడు. పెత్వా పాత మేజోళ్ల పీలికలతో కట్టింది. "గట్టిగా పట్టుకో" అనీ "నలపకు" అనీ ఒకే ఊపిరిలో తిట్టింది. ఆయన రెండూ చేశాడు.

వేళ్లు మొద్దును పట్టుకున్నాయి. ఊరి పండుగ ఫియెస్తా నాటికి పీలికలు కోసేసినా మొక్క కదలలేదు. కొయ్యలు ఇప్పటికీ పెత్వా ఇంటికే వస్తాయి. కపితాన్ నాకుతాడు, తీర్పు ఆవిడే చెబుతుంది. "మేక మూతి చదవడం అందరికీ రాదు" అంటుంది, ఎవరూ అడక్కపోయినా.

మొక్క కట్టిన ఆ మధ్యాహ్నమే ఉప్పు గిన్నె తెచ్చి ఇస్లావ్ కంచం పక్కన పెట్టింది. అతని చొక్కా విప్పించి, చిరిగిన జేబును మళ్లీ అతికించింది. పనిలో పనిగా జేబు నోరు కూడా కుట్టేసింది.