డాక్టరుగారి ఎడమ సిగ్నల్

మా ఎదురింటి డాక్టరుగారు పోయారు. బుధవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. వార్త విన్న ప్రతివాళ్ళూ నన్నడిగిన మొదటి మాట ఒకటే: "బైక్ మీదేనా?" కాదు. సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ నిద్రపోయి, ఆ నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది. బైక్ మీద అంత జాగ్రత్తగా ఉండే మనిషిని టెక్సస్‌లోని ఈ ప్లేనోలో నేనింకొకరిని చూడలేదు.

ఆపరేషన్లప్పుడు మత్తుమందు ఇచ్చే డాక్టరుగా ఆయన సర్వీసంతా గడిచింది. భార్య పోయాక, డెబ్బై దాటిన వయసులో, ఒక పాత మోటార్‌సైకిల్ కొన్నారు. కారుంది కదండీ అంటే, "కారెక్కితే పక్క సీటు ఖాళీగా కనిపిస్తుందమ్మాయ్. దీనికి పక్క సీటే లేదు," అన్నారు.

ఎక్కేముందు బండి చుట్టూ తిరుగుతూ, "ఎడమ ముందు, ఎడమ వెనక" అని పైకి చెప్పుకుంటూ ఒక్కో సిగ్నల్ లైటూ చూసుకునేవారు. ఏ దేవుడికండీ ప్రదక్షిణం అని ఏడిపించేదాన్ని. "మత్తిచ్చేముందు మెషీన్ చూసుకునే అలవాటు. లేచాక పేషెంటు నన్ను మర్చిపోతే నా పని బాగా జరిగినట్టు," అనేవారు.

పోయిన వేసవిలో, వెనకొచ్చే ట్రక్కులవాళ్ళకి ఇంకా బాగా కనబడాలని పాత బల్బులు తీసేసి ఎల్‌ఈడీ సిగ్నళ్ళు పెట్టుకున్నారు. ఆ పొద్దున ఎప్పటిలాగే చూసుకున్నారు. ఎడమ ముందు వెలిగింది, ఎడమ వెనక వెలిగింది. అందరం భోజనానికి బయల్దేరాం. ఆయన బైక్ మీద ముందు, హ్యూస్టన్ నుంచి వచ్చిన కూతురూ నేనూ కారులో వెనక.

మా వీధి మలుపు దగ్గర ఆయన స్లో చేశారు. నాలుగు సిగ్నల్ లైట్లూ ఒకేసారి ఆరుతూ వెలుగుతూ కొట్టుకున్నాయి. బండికేదో అయి ఆగుతున్నారనుకుని కారు నడుపుతున్న కూతురు ఎడమకి తిప్పి దాటబోయింది. అదే క్షణంలో ఆయన ఎడమకి తిరిగారు. బ్రేక్ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కారుకీ ఆయన కాలికీ మధ్య జానెడు కూడా లేదు.

భోజనం మాట ఎవరికీ గుర్తు రాలేదు. అందరం ఆయన గరాజ్‌కి తిరిగొచ్చాం.

"డాడీ, నువ్వు స్టాప్ అవుతున్నావ్ అనుకున్నా. నేనే నిన్ను హిట్ చేసేదాన్ని," అంది. "ఈవెనింగ్ నేను వెళ్ళాలి. ఈలోగా ఇది ఫిక్స్ అవకపోతే బైక్ కీ నాతో తీసుకెళ్తా."

ఆయన వాదించలేదు. "వెలగాల్సినవి వెలిగాయా అని చూశాను. వెలగకూడనివి ఆరి ఉన్నాయా అని చూడలేదు," అని మాత్రం అన్నారు.

చిప్‌లు టెస్ట్ చేసే ఉద్యోగం నాది కాబట్టి పని నా నెత్తిన పడింది. లైట్లని ఆర్పి వెలిగించే ఫ్లాషర్ మార్చాను. ఎర్త్ వైర్లు గీకి మళ్ళీ బిగించాను. ఎడమ స్విచ్ నొక్కితే నాలుగూ వెలుగుతూనే ఉన్నాయి. గరాజ్‌లో ఉడికిపోతున్నాం. మెట్టు మీద కూర్చున్న కూతురు ఫోన్లో టైం చూసినప్పుడల్లా నాకు చెమట ఎక్కువయ్యేది. కోపంతో అదనంగా కరెంటు లాగే రెసిస్టర్లు కలపబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "అర్థం కానప్పుడు డోసు పెంచకూడదమ్మాయ్."

వంగి స్పీడు మీటరు పక్కనున్న చిన్న ఆకుపచ్చ లైటు చూపించారు. "ఇది ఎడమ వైపుదా, కుడి వైపుదా?"

"రెండిటికీ ఒకటే అండీ," అన్నాను. అంటూనే ఆగిపోయాను. ఆ చిన్న బల్బు ఒక కొస ఎడమ వైరుకీ, ఇంకో కొస కుడి వైరుకీ కలిపి ఉంది. ఎడమ కరెంటు దాని గుండా కుడికి దాటిపోతోంది. ఆ కాస్త కరెంటుకి పాత బల్బులు వెలిగేవి కావు, ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయి. బల్బు ఊడదీసి స్విచ్ నొక్కాను. ఎడమవి రెండే కొట్టుకున్నాయి.

కరెంటు వెనక్కి పోనివ్వని డయోడ్లు రెండు తెచ్చి, ఒక్కో వైపు నుంచి ఒక్కోటి ఆ బల్బుకి కలిపి, రెండో కొస ఎర్త్‌కిచ్చాను.

"రోడ్ మీద చూడాలి," అంది కూతురు. మళ్ళీ ఆయన ముందు, మేం వెనక. పెద్ద రోడ్డు మీద ఎడమ మలుపు దగ్గర ఆగారు. ఎడమ లైటొక్కటే కొట్టుకుంటోంది. ఎదురుగా పికప్ ట్రక్కులు ఆగకుండా వస్తున్నాయి. ఖాళీ దొరికాక ఆయన తిరిగారు, వెనకే మేమూ తిరిగాం. ఎడమ లైటు మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఆ పాత బండిలో అది దానంతటదే ఆరదు, బొటనవేలితో ఆపాలి. ఆయన మర్చిపోయారు.

కీ తీసేసుకోవడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు. ఆమె చెయ్యి హారన్ మీదికి వెళ్ళింది, కానీ కొట్టలేదు.

"ఇప్పుడు కొడితే డాడీ భయపడతాడు," అంది.

సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆమె కీ మాట ఎత్తలేదు. ఆయన నాతో ఎన్నోసార్లు కాఫీ తాగారు, ఎన్నో మంచి మాటలు చెప్పారు, వాటన్నిటికీ నేను రుణపడి ఉన్నాను. కానీ ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కనిపించేది ఆ రోడ్డే. చొక్కా గాలికి ఉబ్బి, నిటారుగా కూర్చుని ఆయన తిన్నగా పోతున్నారు. ఆ లైటు ఇంకా ఎడమకి అంటూనే ఉంది. మధ్యలోకి ఇంకెవరూ రాకుండా, కూతురు తన కారుని ఆయన వెనకే నెమ్మదిగా పోనిస్తోంది.