హిల్డమ్మ వేసిన నల్ల యేసు

హిల్డమ్మకు కోపం వస్తే జర్మన్ మాట నోట్లోంచి రాదు, పల్నాటి తెలుగే వస్తుంది. ఆ రోజు చర్చిలో ఆమె అరుపులకు చూరులోని పావురాలు కూడా ఎగిరిపోయాయి.

"ఏందిరా సుధీరూ నువ్వు చెప్పేది? ఎండన పడి తిరిగినోడు తెల్లగా ఎట్టుంటాడ్రా?"

సంఘపెద్ద సుధీర్ బాబు నవ్వు చెదరనివ్వలేదు. "గోడ మీది యేసయ్యని క్యాలెండర్లో ఉన్నట్టు కాస్త తెల్లగా చెయ్యమంటన్నాం అమ్మగారూ, నీలి కళ్ళతో. వార్షికోత్సవానికి పెద్ద పెద్ద పాస్టర్లొస్తన్నారు. కూలోడి మొహం చూపిస్తే నవ్వరా? అయినా మీ రంగే గదా వెయ్యమంది!"

హిల్డమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాట ఆమెకు కొత్త కాదు. జర్మనీలో తండ్రి చర్చి పైకప్పులకు బొమ్మలు వేస్తుంటే నిచ్చెన పట్టుకుని పెరిగిన పిల్ల ఆమె. మిషన్ ఆసుపత్రి గోడల మీద బొమ్మలు వేయడానికి ఆరు నెలలకని గురజాల వచ్చి, ఇక్కడే ముసలిదైపోయింది. ఏ ఊళ్ళో చర్చికి బొమ్మ వేసినా ఆ ఊరివాళ్ళనే ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసేది. గొర్రెలు కాసేవాడు పేతురు, కాన్పులు చేసే ముసలమ్మ ఎలీసబెతు. తెల్లదొరసాని దేవుణ్ణి నల్లగా గీస్తుందని ఊరూరా గొణిగేవాళ్ళు. అప్పట్లో నవ్వి ఊరుకునేది.

ఈసారి నవ్వడం ఆమె వల్ల కాలేదు. ఈ గోడ మీద యేసుగా సిలువకు వేలాడుతున్నది చర్చి ఊడ్చే గ్రేసమ్మ మొగుడు, కూలి ప్రభుదాసు. బొమ్మ పూర్తయిన మరుసటి ఏడే మిరపతోటలో పురుగుమందు కొడుతూ పడి చచ్చిపోయాడు. తాగి పడ్డాడని తోట రైతు అన్నాడు. సుధీర్ బాబు తండ్రి, అప్పటి సంఘపెద్ద, అదే నిజమని తలూపి తొందరగా పూడ్పించేశాడు. సెల్‌ఫోన్లు లేని కాలం. రేషన్ కార్డులోని ఒక్క ఫొటో వానకు తడిసి చెరిగిపోయింది. అప్పటినుంచీ గ్రేసమ్మ ఆదివారం అందరికంటే ముందొచ్చి, ఆ గోడ ముందు ఊడ్చిన చోటే మళ్ళీ మళ్ళీ ఊడుస్తుంది.

"తుడిచేస్తారా అమ్మా?" అని చీపురు పట్టుకునే అడిగింది గ్రేసమ్మ.

"మీరు చెయ్యకపోతే మాచర్ల నుంచి పెయింటర్ని పిలిపిస్తా," అన్నాడు సుధీర్ బాబు.

హిల్డమ్మ అతని వైపు తిరిగింది. "వొద్దు. నేనే చేస్తా. తెల్లరంగు తెప్పించు. అడ్డంగా తెర కట్టు. పండగ దాకా ఎవడన్నా లోపలికి తొంగి చూస్తే కాళ్ళిరగ్గొడతా."

హిల్డమ్మ నిచ్చెన ఎక్కింది. కింద గ్రేసమ్మ నిచ్చెన పట్టుకుని తల వంచుకుని ఏడుస్తోంది. కాసేపటికి తలెత్తి కుంచె ఎక్కడ ఆడుతోందో చూసింది. ఏడుపు ఆపి కళ్ళు తుడుచుకుంది.

పండగనాడు పాస్టర్లందరి ముందూ సుధీర్ బాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గ్రేసమ్మ తెర లాగింది.

యేసు నల్లగానే ఉన్నాడు. తెల్లబడింది సిలువ కింది సైనికులు. నీలి కళ్ళు, ఎర్రటి బుగ్గలు. మేకు పట్టుకుని సుత్తి ఎత్తినవాడికి హిల్డమ్మ ముఖమే ఉంది.

"ఇదేందమ్మా ఈ పని!" అరిచాడు సుధీర్ బాబు.

"తెల్లోళ్ళు కావాలన్నావుగా, పెట్టా," అంది హిల్డమ్మ. "మా రంగు ఎక్కడ పెట్టాల్నో నాకు తెలుసురా. నువ్వు చెప్పబాక."

సుధీర్ బాబు మొహం మాడిపోయింది. తెర మూసేయడానికి ఒక్క అంగలో వచ్చాడు. గ్రేసమ్మ తెర అంచు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ చర్చిలో ఆమె గొంతు పైకి లేచింది అప్పుడే.

"మూయబాక అబ్బాయా. తాగుబోతని చెప్పి నా మొగుణ్ణి మీ నాయన ఒకసారి పూడ్పించాడు. మళ్ళీ నువ్వు పూడుస్తానంటే ఊరుకోను."