డీజిల్ ఇంజనుకు విమానం తీగ

ఈ ఉదయం నిమ్మనపల్లె రైతు మునెప్ప నీళ్లు తోడే తన డీజిల్ ఇంజనును ఆటోలో వేసుకుని, మదనపల్లెలోని మా రిపేరు షెడ్డుకు కోపంగా తిరిగొచ్చాడు. నిన్న దాన్ని బాగుచేసింది నేనే.

“స్పీడు స్క్రూకు ఈ తీగ యాల సుట్టినావప్పా? తిప్పితే తిరగదే!”

సిగ్గేసింది. బెంగళూరులో పాతికేళ్లు విమానం ఇంజన్లకు ఇంధనం కొలిచి పంపే యూనిట్లను పరీక్షించాను. సరిచేసిన ప్రతి స్క్రూకూ, ఆకాశంలో అదురుకు వదులు కాకుండా, సన్నటి స్టీలు తీగ మెలిపెట్టి బిగించాలి. రిటైరై మూడేళ్లయింది. నిన్న ఏదో ఆలోచనలో ఉంటే నా చేతులు ఆ పనే చేసేశాయి.

ఆ సంగతే అతనికి చెప్పి, కట్టర్ తీసుకుని తీగ కోయబోతుంటే పైన విమానం మోత వినిపించింది. అది కనుమరుగయ్యే దాకా తలెత్తి చూస్తూనే ఉన్నాను. మునెప్ప కాసేపు దాన్ని, తర్వాత నన్ను చూశాడు.

“దాంట్లో నువ్వు సుట్టిన తీగ ఉంటాదా అప్పా?”

“ఉంటాదేమో అన్నా.”

“అట్లయితే కోయొద్దులే. నా ఇంజనుకూ ఉండనీ” అంటూ ఆటో ఎక్కించుకున్నాడు.

బావిలో నీళ్లు తగ్గిన రోజు స్పీడు తగ్గించడం కుదరక మళ్లీ తిట్టుకుంటూ వస్తాడని నాకు తెలుసు. అయినా కోయలేదు. మీరైతే కోసేవారా?