మా మేనేజరుగారి పిక్క

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, అంటే తలమీద జుట్టూ నామీద నాకు నమ్మకమూ పుష్కలంగా ఉన్న కాలంలో, నాగరికతకి ఆఖరి మెట్టు ఆఫీసే అనుకునేవాణ్ణి. ఏసీ ఉంది, వాటర్ ఫిల్టర్ ఉంది. ఎవర్నన్నా తిట్టాలంటే 'డియర్ సార్' అని మొదలుపెట్టి 'విత్ రిగార్డ్స్' అని ముగించాలి. మనిషి ఇంతకన్నా ఏం ఎదుగుతాడు? (ఎమ్మెస్సీ చదివినవాడికి ఆ మాత్రం అమాయకత్వం ఉండాలి.)

మాది పురుగుమందుల కంపెనీ. ఏరియా ఆఫీసు నందిగామలో, బ్రాంచి జగ్గయ్యపేటలో. నేను పేటలో ట్రైనీని. నందిగామలో కూర్చునే ఏరియా మేనేజరుగారికి నచ్చిన మాట ప్రపంచంలో ఒకటే, అగ్రెషన్. వత్సవాయి డీలరు మా మందు వద్దన్నాడని నేను మర్యాదగా తిరిగొస్తే, "టీ ఇచ్చాడా?" అనేవారు. "ఇచ్చాడండి." "బాగుందా?" "బాగుందండి." "అదేనయ్యా నీ జబ్బు! పులిలా మీద పడాలి. నీలో అగ్రెషన్ లేదు. నెలాఖర్లోపు కనపడిందా సరే, లేదంటే నీ కన్ఫర్మేషన్ మీద సంతకం పెట్టేది లేదు." నా ఉద్యోగం పర్మనెంటయిందని నాన్న అప్పటికే సగం పేటకి చెప్పేశారు. మిగతా సగానికి అమ్మ చెప్పింది.

మా బ్రాంచిలో అకౌంట్స్ చూసే పెద్దాయన్ని అందరం బాబాయిగారు అనేవాళ్ళం. కోడిగుడ్డు పేరెత్తితేనే చెయ్యి కడుక్కునే మనిషి. గుమ్మంలో పడుకున్న వీధికుక్కతో కూడా "కాస్త అటు జరుగుతారాండి" అనేవారు. (అది జరిగేది కూడా.) మేనేజరుగారు రోజూ ఫోన్ చేసి, అందరికీ వినపడేలా, "ఏం ముసలాయనా, ఇంకా ఉన్నావా?" అనేవారు. బాబాయిగారు నవ్వి, "మీ దయండి" అనేవారు.

ఆ ఏడు, సిబ్బందిలో ఐకమత్యం పెంచండని హెడ్డాఫీసు నుంచి మెయిలొచ్చింది. ఇంకేముంది, జి.కొండూరు దగ్గర ఒక మామిడితోటలో బిర్యానీ, ఆపైన నందిగామకీ పేటకీ కబడ్డీ. మా జీపు డ్రైవరు రెఫరీ. మోకాళ్ళ నొప్పులని బాబాయిగారిని స్కోరు చెప్పడానికి కుర్చీలో కూర్చోబెట్టాం. మేనేజరుగారు నిక్కరు వేసుకొచ్చారు. ఆ దృశ్యానికే సగంమందిమి కదిలిపోయాం.

"అగ్రెషన్ అంటే ఏంటో చూపిస్తా, చూడండ్రా" అని తొడగొట్టి మరీ ఆయన కూతకొచ్చారు. వచ్చీ రాగానే నా చెంప మీద ఒక్కటిచ్చారు. (రూల్సు ప్రకారం అది తాకడమే.) నేను ఆయన కాలు పట్టుకున్నా. నేను పట్టుకున్నా అనడం కన్నా, నా చెయ్యి నన్నడక్కుండా వెళ్ళిందనడం న్యాయం. ఆయన పడ్డారు. మావాళ్ళందరూ మీద పడ్డారు. కూత ఆగిపోయింది, డ్రైవరు ఈల వేశాడు. ఎవరూ వదల్లేదు. మళ్ళీ వేశాడు. అప్పుడు గీత అవతల నుంచి నందిగామ జట్టు, అంటే ఆయన సొంత జట్టు, పరిగెత్తుకుంటూ వచ్చింది. విడిపించడానికే అనుకున్నా. వాళ్ళూ వచ్చి పైన పడ్డారు.

ఆ కుప్ప అడుగున, నా ముక్కుకి బెత్తెడు దూరంలో, బాబాయిగారి మొహం కనపడింది. కుర్చీలోంచి ఎప్పుడు లేచారో తెలీదు. కళ్ళజోడు లేదు. కళ్ళు అరమూసి, గుళ్ళో తీర్థం పుచ్చుకునేంత ప్రశాంతంగా, మేనేజరుగారి పిక్క కొరుకుతున్నారు. ఆయన నన్ను చూశారు. కొరకడం మాత్రం ఆపలేదు.

చివరికి డ్రైవరు ఒక్కొక్కణ్ణీ లాగి పడేశాక, మేనేజరుగారు లేచి కూర్చుని పిక్క చూసుకున్నారు. పలువరస అచ్చు గుద్దినట్టుంది. "ఎవడ్రా ఇది?" మళ్ళీ ఎప్పుడు చేరారో, కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ బాబాయిగారే ముందు పలికారు. "అయ్యయ్యో! డెట్టాల్ తెప్పించమంటారాండి?"

మేనేజరుగారి చూపు నామీద ఆగింది. ఆ కాలు ఇంకా నా చేతుల్లోనే ఉంది మరి.

"నువ్వేనా?"

కాదంటే మరెవరంటారు. బాబాయిగారు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. అవునంటే, నాన్న చెప్పిన సగం పేటకీ అమ్మ చెప్పిన సగం పేటకీ మొహం చూపించలేను. నేనేమీ అనలేదు. (తర్వాత పెళ్ళిచూపుల్లో దీన్ని త్యాగమని చెప్పుకున్నాగానీ, నిజానికి నోటినిండా మట్టి.)

ఆయన పిక్క వైపు చూశారు, నా వైపు చూశారు. "ఉందయ్యా నీలో!" అన్నారు. ఆ గొంతులో గౌరవం! పడ్డవాళ్ళందరిలోకీ ఎక్కువ దెబ్బ తిన్నది ఆ క్షణాన నేనే.

సోమవారం సంతకమైంది. మైలవరం ఏరియా కూడా నాకే ఇచ్చారు. కబురు ముందే చేరిందేమో, అక్కడి డీలర్లు టీ గ్లాసు పెట్టి రెండడుగులు వెనక్కి నిలబడేవారు. పేటలో ఫోన్ మోగింది, బాబాయిగారు "మీ దయండి" అన్నారు. మధ్యాహ్నం తన క్యారేజీలోంచి గట్టి జంతికలు తీసి నా టేబుల్ మీద పెట్టి, "తినండి నాయనా, మీ పళ్ళు గట్టివటగా" అన్నారు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఇప్పుడు నందిగామలో ఆ సీటు నాది. కాలు పట్టుకుని మట్టిలో పడున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎలాగూ పేరొచ్చింది కదా, వెధవ, తనూ ఒక కొరుకు కొరికి ఉండాల్సింది అనిపిస్తుంది.

మొన్న మా స్టాఫంతా వచ్చి, "ఈసారి కబడ్డీ పెడదామండి, మీరూ ఆడాలండి" అన్నారు. బంగారంలాంటి పిల్లలు. ఏడాదంతా నేనేమన్నా "ఓకే సార్" తప్ప ఇంకో మాట అనరు. నా భయమూ అదే. "క్యారమ్స్ పెడదాంలెండి" అన్నా. "మీ ఇష్టం సార్" అని అందరూ నవ్వారు. చక్కటి పలువరసలు. నేను కాళ్ళు మెల్లిగా కుర్చీలోకి లాక్కున్నా.