తెర బయటి బేరం

మొన్న వేసవి చివర్లో నర్సీపట్నంలో పెట్టిన వ్యవసాయ ప్రదర్శనకు వెళ్తే, షామియానా మొదట్లోనే ఒక అమ్మాయి నవ్వుతూ నా చేతిలో చిన్న కాగితపు గిన్నె పెట్టింది. అందులో నేతిలో వేయించి మిరియాల పొడి చల్లిన జీడిపప్పు. ఊరికే ఇచ్చింది. ఊరికే ఇచ్చేదేదైనా నాకు ముందు భయం వేస్తుంది, ఆకలి ఆ తర్వాతే. వాసన చూశాను. నెయ్యి వాసన వచ్చింది, మిరియం వాసన వచ్చింది, నాకు తెలిసిన జీడి వాసన మాత్రం రాలేదు. గొంతు పట్టేసి, కళ్ళు మండించి, వేసవి సాయంత్రాల్లో మా వీధి మీద మబ్బులా దిగే కాలిన తొక్కల వాసన అది. అనుమానిస్తూనే గిన్నె ఖాళీ చేశాననుకోండి, అది వేరే సంగతి.

మా వీధి అంటే బజారువీధి. అటు ఏజెన్సీ కొండలు దిగి వచ్చేవాళ్ళూ, ఇటు రోలుగుంట, నాతవరం వైపు నుంచి వచ్చే రైతులూ తెచ్చిన సరుకు కొని, వాళ్ళకు ఉప్పూ కిరసనాయిలూ బట్టలసబ్బూ అమ్మే కొట్లు బారుగా ఉండేవి. మాదీ వాటిలో ఒకటి. మాకు నెలల పేర్లు బళ్ళో చెప్పకముందే కొట్టు చెప్పింది. చింతపండు వచ్చిందంటే చలి వెళ్ళిపోయినట్టు. దాని వెనకే కొండచీపుళ్ళు, కుంకుళ్ళు, అడ్డాకుల కట్టలు. ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్య పండగ దగ్గరపడిందంటే జీడిపిక్కలు. అప్పటి నుంచి మా పిల్లలందరి చొక్కాల మీదా జీడిమామిడి పళ్ళ రసం మరకలే. ఎన్నిసార్లు ఉతికినా పోనివి, అమ్మ చేత తిట్లు తినిపించేవి. ఉప్పు అద్దుకుని ఆ పళ్ళు తింటే గొంతు గరగరలాడేది, అయినా మానేవాళ్ళం కాదు. పిక్కలతో గోళీలాడేవాళ్ళం. ఓడిపోయినవాడు పెరట్లో పాత రేకు మీద పిక్కలు కాల్చిపెట్టాలి. గెలిచినవాడు తొందరపడి పంటితో కొరికితే తొక్కలోని జీడి నూనె చిమ్మి పెదవి పొక్కేది. బళ్ళో మాస్టారు మా పెదవులు చూసి ఎవడు ఆటలో గెలిచాడో చెప్పేసేవారు.

కొత్తమావాస్య పండగనాడు మా నాయనమ్మ బూరెలూ పరవాన్నమూ చేసేది. పరవాన్నంలో జీడిపప్పు తప్పకుండా ఉండేది, ముక్కలు మాత్రమే. నిండు పప్పు అమ్ముకోవడానికి, ముక్క ఇంట్లోకి. చాలా ఏళ్ళ దాకా జీడిపప్పు పుట్టడమే ముక్కలుగా పుడుతుందని నేను నమ్మాను.

మా తాత నోట 'బాగుంది' అన్న మాట ఎవరూ వినలేదు. ఆ మాట అంటే సరుకు ధర పెరుగుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కొట్లోంచి ఇంట్లోకీ వచ్చేసింది. నాయనమ్మ గుత్తివంకాయ కూర అద్భుతంగా చేసినరోజున 'తినొచ్చు' అనేవాడు. నేను క్లాసులో మొదటివాణ్ణయిన రోజున నన్ను ఎగాదిగా చూసి 'పర్లేదు' అన్నాడు. బస్తా పైనున్న పిక్కలు ఆయన ఎప్పుడూ ముట్టుకునేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీసి, కత్తిపీట మీద రెండుగా కోసి, లోపలి పప్పు పాలతెలుపుతో మెరుస్తున్నా సరే, ఇంట్లో ఎవరో పోయినట్టు నిట్టూర్చేవాడు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. సరుకు తెచ్చిన రైతును ఎప్పుడూ ఒంటరిగానే కూర్చోబెట్టేవాడు. ఇద్దరు కలిసి వస్తే ఒకణ్ణి, 'దుమ్ములో పడొచ్చావు, పెరట్లో కాళ్ళు కడుక్కో నాయనా' అని లోపలికి పంపేవాడు. వాడు వచ్చేసరికి రెండోవాడి బేరం అయిపోయేది. పైగా వెళ్ళేటప్పుడు చెవిలో, 'నీకు మాత్రమే ఈ రేటు. పక్కవాడితో అన్నావో, రేపట్నుంచి నీకూ లేదు' అనేవాడు. ప్రతివాడూ తనొక్కడే గెలిచానని మీసం దువ్వుకుంటూ బస్సెక్కేవాడు. నేను ఆ పెరట్లోనే పెరిగాను గనక, మనుషులంతా కాళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం ఇష్టపడేవాళ్ళని అనుకునేవాణ్ణి.

పైఊరి నుంచి పెద్ద వ్యాపారి వచ్చిన రోజున మరీ సంబరం. సరుకు తెచ్చిన రైతు ఎదురుగానే నిలబడి ఉంటాడు. తాతా ఆ వ్యాపారీ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్ళు నొక్కి ధర మాట్లాడుకునేవారు. పైకి మాత్రం వానల గురించీ, వ్యాపారిగారి మోకాళ్ళ నొప్పుల గురించీ కబుర్లు. తువ్వాలు అప్పుడప్పుడూ లోపల పిల్లి ఉన్నట్టు కదిలేది. ఒకసారి ఆగలేక తల దూర్చి చూడబోయాను. తాత రెండో చేత్తో నా చెవి మెలితిప్పి, అదే ఊపులో ఎదుటి రైతుతో నవ్వుతూ మాట్లాడేశాడు.

"ఏటి సావుకారుగారూ, కుదిరిందేటి?" అని అడిగాడు ఆ రైతు.

"నీ మంచికే కుదిరిందిలే. నువ్వు కూకో," అన్నాడు తాత.

ఆ రైతు అప్పలనాయుడు, రోలుగుంట దగ్గరి ఊరివాడు. ఇప్పుడు ముసలివాడయ్యాడు. ఈ ప్రదర్శనకు నన్ను పంపింది ఆయనే. కూతురు శిరీష, ఊళ్ళో మరికొందరు కుర్రవాళ్ళూ కలిసి ఈ ఏడు జీడిపిక్కలు దళారికి ఇవ్వకుండా ఒకచోట పోగుచేశారు. ప్రదర్శనకు కంపెనీలవాళ్ళూ ఉద్యానశాఖవాళ్ళూ వస్తారు, నేరుగా వాళ్ళకే అమ్ముతామని పిల్ల పట్టుదల. అక్కడ అమ్ముడుపోకపోతే సరుకంతా ఎప్పటిలా దళారికే పొయ్యాలని, మళ్ళీ ఈ ఊసెత్తకూడదని తండ్రి షరతు. వానలు దగ్గరపడ్డాయి, తడి తగిలితే పిక్క నల్లబడిపోతుంది. నాకు ఫోన్ చేసి, "మీరు ఆ సావుకారింట్లో పెరిగినోరు. ఆల మాయలన్నీ మీకు తెలుస్తాయి. పిల్లతో ఎల్లండి బాబూ," అన్నాడు. పొగిడాడో తిట్టాడో తేల్చుకోలేక ఒప్పుకున్నాను.

షామియానా కింద ఎక్కడ చూసినా మెడలో కార్డులు వేసుకున్న యువరైతులు, ఫోన్లు పట్టుకుని నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. వేదిక మీద అధికారి, రైతుకూ పరిశ్రమకూ ప్రభుత్వానికీ మధ్య ఇక అడ్డుగోడలు లేవని మైకులో చెప్తున్నాడు. ఆయన వెనకాలే ఒక తెర కట్టి ఉంది. జీడిపప్పు కంపెనీ మేనేజరు ఆ తెర వెనక కూర్చుని యువరైతులను ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. ఆ తెర చూడగానే నా చెవి మండింది.

శిరీష జట్టులో ముందు లోపలికెళ్ళినవాడు గోవింద. పది నిమిషాల్లో కంపెనీ టోపీ పెట్టుకుని, తన వాటా సరుకుకు సంతకం చేసిన కాగితంతో నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

"ఎంతకిచ్చావురా?" అంది శిరీష.

"సెప్పకూడదన్నారే. నాకొక్కడికే ఆ రేటు ఏసేరంట."

నేను శిరీషను పక్కకు లాగి నా విద్యంతా చెవిలో పోశాను. "లోపలికెళ్ళు. నువ్వు ముందు ధర చెప్పకు. ఆయన ఏం చెప్పినా నిట్టూర్చు. లేచి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వెయ్యి."

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "బాబాయ్, లోన ఎలా గెలవాలో సెప్తున్నావు నువ్వు. నానసలు లోనికే ఎల్లను."

తెర దగ్గరికి నడిచి, దాన్ని ఒక చేత్తో పక్కకు లాగింది. "సార్, మా అందరివీ ఒకే షెడ్డులో కలిసున్న పిక్కలు. మా ముందే కోసి సూడండి. రేటేదో ఇక్కడే, అందరికీ ఇనపడేలా సెప్పండి."

మేనేజరు నవ్వాడు. అధికారి మైకు కట్టేసి, "అమ్మా, పద్ధతి ప్రకారం ఒక్కొక్కరుగా..." అన్నాడు. జట్టులో మిగిలిన పిల్లలు ఒక్కొక్కరే లేచి శిరీష వెనక నిలబడ్డారు. మేనేజరు కాసేపు వాచీ చూసుకున్నాడు, కాసేపు అధికారి మొహం చూశాడు. చివరికి కుర్చీ బయటికి లాక్కుని వచ్చాడు. నమూనాకని తెచ్చిన బస్తాలు విప్పారు, పిక్కలు కోశారు. ఆయన ఒక ధర చెప్పాడు.

మంచి ధర. నేను ఎంత నిట్టూర్చినా రాని ధర. నా గుండె నిమ్మళించింది. అప్పుడే గోవింద నెత్తిమీది టోపీ తీసి చేతిలో నలపడం మొదలుపెట్టాడు. మేనేజరు చెప్పిన ధరకూ వాడి చేతిలోని కాగితానికీ పొంతన లేదని వాడి మొహమే చెప్పింది.

"ఈడి కాయితం కూడా దిద్దండి సార్," అంది శిరీష.

"ఆయన సంతకం అయిపోయిందమ్మా."

"అయితే మా పిక్కలూ ఒద్దు."

"ఒసే, బేరం కుదిరిపోయిందే! వాడిది వాడు చూసుకుంటాడు. ఒప్పేసుకో," అని గొణిగాను. ఇంటిదగ్గర తండ్రి, అటు దళారి, ఆకాశంలో మబ్బులు, అన్నీ తెలిసిన పిల్ల. నా మాట వినిపించనట్టే బస్తా మూతి కట్టడానికి వంగింది. మిగతా బస్తాలు కుర్రవాళ్ళు కట్టసాగారు.

"ఉండండమ్మా," అన్నాడు మేనేజరు. గోవింద చేతిలోంచి కాగితం తీసుకుని, పాత అంకె కొట్టేసి, కొత్తది రాసి, పక్కన తన సంతకం పెట్టాడు.

ఆ వారమే కంపెనీ లారీ వాళ్ళ ఊరొచ్చి సరుకు ఎత్తుకెళ్ళింది. నేను వెళ్ళి కాటా చూశాను, తూకపు రాళ్ళు చూశాను, డ్రైవరు జేబుల వైపు కూడా చూశాను. మోసం ఇంతవరకూ దొరకలేదు, వెతకడం మాత్రం మానలేదు. మా కొట్టు పడగొట్టిన చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. తాత లేడు, ఆ తువ్వాలూ లేదు, సరుకు మీద నిట్టూర్చే మనిషి వీధి మొత్తానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఇవన్నీ పోయినందుకు బెంగపడుతున్నానని ఈ మధ్య దాకా అనుకునేవాణ్ణి. గోవింద కాగితం దిద్దిన రోజున తెలిసింది అసలు పోయినదేమిటో. మా వీధి వీధంతా అన్నేళ్ళు బతికింది, పక్కవాడికి ఎంతొచ్చిందో అడగని రైతు మీద. అలాంటి రైతు ఇప్పుడు లేడు.