ఆమేన్ అనలేని శుక్రవారం

ఈమధ్య నాకు ఒకచోట కుదురుగా ఉండడం చేతకావడం లేదు. కూర్చుంటే ఎలా లేవాలా అని బెంగ, నిలబడితే ఎక్కడ కూర్చోవాలా అని వెతుకులాట. అమలాపురంలో డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందన్నారు. ఇక నేలమీద కూర్చోవద్దన్నారు. చెప్పడం ఎంత తేలికో ఆయనకి.

కత్తిపీట మూలకెళ్ళి చాకు వచ్చింది, స్నానాలగదిలో కమోడ్ వచ్చింది. అన్నిటికీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది శుక్రవారం కూడిక ఒక్కటే.

మా పేటలో ఆడవాళ్ళం శుక్రవారం మధ్యాహ్నాలు వారానికొకరి ఇంట్లో ప్రార్థనకు కూడతాం. చాపలు పరుచుకుని కూర్చుంటాం, పాటలు పాడతాం. చివర అందరూ మోకరిస్తే పెద్దావిడ ఆఖరి ప్రార్థన చేస్తుంది. ఆవిడ ఆమేన్ అనేదాకా ఎవరూ లేవరు. ఎవరో పెట్టిన నియమం కాదు, మా అమ్మల నాటినుంచీ వస్తున్న మర్యాద. బడిలో వీళ్ళలో సగంమందికి చదువు చెప్పి రిటైరైనదాన్ని గనక ఆ పెద్దరికం నాది.

డాక్టరు మాట తెలిసిన వారమే నాకు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వచ్చేసింది. "టీచరు గారికి కుర్చీ వేసేమండి, ఆయ్, అందులో కూర్చోండి." కుర్చీలోంచి చూస్తే నాకు పాపిళ్ళు తప్ప మొహాలు కనబడవు. కింద వాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు చేతులేసుకుని గుసగుసలాడుకుని నవ్వుకుంటారు. ఆ నవ్వు నాదాకా రాదు. పైగా ప్రతివారం ఎవరో ఒకరు గొంతెత్తి నా మోకాళ్ళకోసం ప్రార్థిస్తారు. నా మోకాళ్ళు ఊరుమ్మడి ఆస్తి అయిపోయాయి. ఒళ్ళు మండేది. పోనీ మానేద్దామంటే, రిటైరయ్యాక నాకంటూ మిగిలిన మనుషులు వాళ్ళే.

ఆ శుక్రవారం కాలవగట్టు మీద నా పాత శిష్యురాలింట్లో కూడిక. కుర్చీ పక్కకి తోసి చాపమీద కూలబడ్డాను. ఆఖర్న మోకరించాను కూడా. "వద్దండి టీచరు గారూ" అంది శిష్యురాలు. "ఊరుకోమ్మా" అన్నాను.

కుడిమోకాలు నేలకి తగలగానే ప్రాణం పోయినంత పనైంది. ప్రార్థన ముగింపుకొచ్చేసరికి అర్థమైంది, నేను లేవలేను. ఆమేన్ అన్నానా, అందరూ కళ్ళు తెరుస్తారు, లేస్తారు, నేనొక్కదాన్నీ అలాగే ఉండిపోతాను. మళ్ళీ జన్మలో నన్ను చాపమీద కూర్చోనివ్వరు.

అందుకని ఆమేన్ అనలేదు. పాస్టరు గారికోసం ప్రార్థించాను. పరీక్షలు రాసే పిల్లలకోసం, గల్ఫులో ఉన్న ఆడపిల్లలకోసం, ఓడలరేవులో వేటకెళ్ళేవాళ్ళకోసం ప్రార్థించాను. కొబ్బరిధర పెరగాలన్నాను. రావులపాలెం రోడ్డుమీద తిరిగే బస్సులన్నిటినీ కాపాడమన్నాను. అవీ అయిపోయి మళ్ళీ గల్ఫుకే వెళ్ళాను. వెనక నిట్టూర్పులు, చాపలమీద కదులుతున్న చప్పుడు.

నా ఎడమపక్కన శిష్యురాలి అత్తగారు. ఆవిడ కళ్ళు తెరవకుండానే మెల్లిగా అన్నారు. "టీచరు గారండీ, ఆమేన్ అనేద్దురూ. నా మోకాళ్ళు పోతున్నాయండి."

"నావీనండి" అని వెనకనించి ఇంకో గొంతు.

"అంటే నేను లేవలేనండి" అన్నాను, గుసగుసగా.

"ముందు అనండి. లేచే సంగతి తర్వాత చూద్దాం" అన్నారు అత్తగారు.

ఆమేన్ అన్నాను. ఒకావిడ కిటికీ ఊచలు పట్టుకుంది, ఒకావిడ గోడ పట్టుకుంది, ఇద్దరు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. చిన్నకోడళ్ళు వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినే లాగారు. నవ్వి నవ్వి నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవన్నీ నవ్వువల్ల వచ్చినవి కావు.

"ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేమండీ?" అన్నాను అత్తగారితో.

ఆవిడ మోకాలు రుద్దుకుంటూ, "చెబితే కుర్చీ వేస్తారని భయమండి" అన్నారు.



తర్వాతి శుక్రవారం ఇంకో ఇంట్లో కూడిక. కుర్చీ లేదు. గోడవారన ఒక పొడుగాటి చెక్కబల్ల వేశారు. నేను కాలీడ్చుకుంటూ ఆలస్యంగా వెళ్ళేసరికి బల్లంతా నిండిపోయి ఉంది. అత్తగారు చివర్న కూర్చుని పక్కావిడ చెవిలో ఏదో చెప్పి నవ్విస్తున్నారు. మోకాళ్ళు ఎప్పటిలాగే సలుపుతున్నాయి. ఎన్నాళ్ళయిందో నాకంత సంతోషం కలిగి.

"కాస్త జరగండమ్మా" అన్నాను.