ఏడో హంస తల

ఆరేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఇలా మొదలుపెడితే గుండెల మీద బండ అనుకుంటారు. అంత లేదు. రాయే, కానీ బొటనవేలి కొసంత. పోయిన వారం కొట్లో తూచాను. లక్కతో కలిపి పద్దెనిమిది గ్రాములు. దీనివల్ల ఆరేళ్ళు నిద్ర పట్టలేదని రాస్తే బాగుండేది. నిద్ర బాగానే పట్టింది. సిగ్గుపడాల్సింది దానికే.

మాది చిలకలపూడి. రోల్డుగోల్డు నగలకి అచ్చులు చెక్కడం మా ఇంటి పని. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. డిగ్రీ నన్నూ, నేను డిగ్రీనీ గొడవ లేకుండా వదిలేసుకున్నాం. గుడివాడ షాపాయన ఒకరు ఎవరి దగ్గరా లేని వడ్డాణం నమూనా కావాలన్నారు. అందరూ అదే అడుగుతారు. వారం తిరక్కుండా అది అందరి దగ్గరా ఉంటుంది.

దివిసీమలో ఒక ఊళ్ళో, పాత బౌద్ధస్తూపం దిబ్బలో దొరికిన రాళ్ళని రేకుల షెడ్డులో పెట్టారు. వాటిలో ఒక పట్టీ ఉంది. స్తూపం చుట్టూ నడుముకట్టులా తిప్పిన చెక్కడం అది. జానెడు ఎత్తు. ముక్కున తామరతూడు పట్టుకుని ఒకదాని వెనక ఒకటి పదకొండు హంసలు. వాటిలో పది ముందుకే చూస్తాయి. ఏడోది మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. చెక్కినవాడికి విసుగొచ్చిందో, పక్కవాడు పిలిచాడో తెలీదు. ఆ ఒక్క మెడ వల్లే మిగతా పదీ నిజంగా నడుస్తున్నట్టు ఉంటాయి. ఆ స్తూపానికి అదే వడ్డాణం. నాకు కావలసిందీ అదే.

షెడ్డుకి కాపలా దావీదు గారు. అరవై దాటినాయన. రెండోసారి వెళ్ళేసరికే ఆయన్ని మావయ్యా అనేశాను. మా వైపు ఆ పిలుపుకి పెద్ద ఖర్చేం లేదు, ఎవరినైనా అంటాం. ఆయన మాత్రం నిజమనుకున్నారు. రోజూ పొద్దున్నే తువ్వాలుతో ఆ పట్టీ తుడుస్తూ హంసల్ని లెక్కపెట్టేవారు. పదకొండూ లెక్క తేలాక, పిల్లలందరూ ఉన్నారని తనలో తనే అనుకునేవారు.

ఫొటో తీసుకుంటే సరిపోయేది కదా అంటారా? తీశాను. ఫొటోలో లోతు రాదు. అచ్చు చెక్కేవాడికి లోతే కావాలి. మా పనిలో దానికో పద్ధతి ఉంది. నగ మీద నూనె రాసి, మెత్తబడ్డ లక్కని అదిమి, చల్లారాక ఊడదీస్తే గీతతో సహా దిగుతుంది. చిన్నప్పట్నుంచీ చేస్తున్న పని. ఒక మధ్యాహ్నం దావీదు గారు నా కోసం సోడా తేవడానికి వెళ్ళారు. నేనడగలేదు. ఎండన పడి వచ్చానని ఆయనకే జాలేసింది. ఆ కాసేపట్లో కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించాను. నూనె కూడా రాశాను. జాగ్రత్తపరుణ్ణి కదా.

లోహం నూనెని పైనే ఉంచుకుంటుంది. రాయి తాగేస్తుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. లాగితే లక్క వచ్చింది, లక్కతోపాటు ఏడో హంస తలా వచ్చింది. చప్పుడు కూడా కాలేదు. ఏదో ఒకటి పెద్దగా విరిగినట్టు వినపడుంటే భయపడి నిజం చెప్పేవాణ్ణేమో. ఏమో. తెల్లగా కనిపిస్తున్న విరుగు మీద తడిమన్ను రుద్దాను. తలని టిఫిన్ బాక్సులో పెట్టాను. ఆయన తెచ్చిన సోడా తాగాను. చల్లగా ఉంది.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఎందుకు? వెళ్ళకపోతే అనుమానమొస్తుందని. ఆయన పట్టీ ముందే గొంతుక్కూర్చుని ఉన్నారు.

"బాబూ, ఈ ఏడోదానికి తల ఉండేది కదూ?"

"ఏమో మావయ్యా. రెండు వేల ఏళ్ళ నాటి హంస. తల ఎప్పుడో మేతకెళ్ళుంటుంది."

నవ్వారు. తర్వాత మళ్ళీ పట్టీ వైపు తిరిగారు.

"కాదు బాబూ, మొన్నటిదాకా చూసినట్టే గురుతు. ఎనక్కి తిరిగి చూస్తా ఉండేది."

"నేను మొదటిసారి వచ్చినప్పుడే లేదు. ఎందుకైనా మంచిది, ఓసారి కళ్ళు చూపించుకోండి."

"అంతేనంటావా?"

"అంతే."

ఇదీ నా తప్పు. తల విరగడం పొరపాటు. ఆ "అంతే" మాత్రం పొరపాటు కాదు. నా సరదా మాటలకి జనం నవ్వుతారని నాకు తెలుసు. నవ్విన మనిషి నమ్మేస్తాడనీ తెలుసు.

తర్వాత తనిఖీకి ఆఫీసరొచ్చారు. తల ఏదని అడిగితే దావీదు గారు, అది ఎప్పట్నుంచో లేదండీ అని చెప్పారట. నా మాట మీద. ఆఫీసరు ఫైల్లోంచి కిందటేడాది ఫొటో తీశారు. అందులో తల ఉంది. పోగొట్టింది చాలక అబద్ధం కూడానా అని ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఊళ్ళో, హంస తల ఎంతకమ్మావని ఎకసెక్కాలు మొదలయ్యాయి. ఇదంతా నాకు ఆ షెడ్డు ఎదుట సోడాలమ్మేవాడు చెప్పాడు. విని, బస్సెక్కాను.

తల ముఖం మీది లక్క మాత్రం గీకి, దాన్నీ ఫొటోనీ చూసి అచ్చు చెక్కాను. వడ్డాణం బాగా వచ్చింది. ఆ మధ్య గుడివాడలో ఒక పెళ్ళికెళ్తే పెళ్ళికూతురి నడుముకి అదే ఉంది. లెక్కపెట్టాను. పదకొండు. ఏడోది వెనక్కి చూస్తోంది, తలతో సహా. పెళ్ళికూతురి నడుము వైపు అంతసేపు చూస్తున్నందుకు వాళ్ళ బావ ఒకడు నా వైపు చూడ్డం మొదలెట్టాడు. అతనికేం చెప్పను?

దావీదు గారు ఇప్పుడు గిలకలదిండిలో కూతురి దగ్గరుంటున్నారు. రేవులో వలలు బాగుచేస్తారు. పోయిన నెల తలని జేబులో వేసుకుని చెప్పేద్దామనే వెళ్ళాను. గుర్తుపట్టారు, కూర్చోమన్నారు. కళ్ళ డాక్టరు చూపు బాగానే ఉందన్నాడట. ఆయన నమ్మలేదు. ఉన్నదీ లేనిదీ నాకు తెలీదు బాబూ అన్నారు. బాగుచేసిన ప్రతి వలనీ పక్కవాళ్ళకిచ్చి చిల్లుందేమో చూడమంటున్నారు. ఆ రోజు నాకిచ్చారు. వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను. ఒక్క చిల్లు లేదు. బాగుంది మావయ్యా అన్నాను. వెంటనే నమ్మారు. అప్పుడు షెడ్డులో నమ్మినట్టే. జేబులో చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

పిరికితనమా? అవును. వేరే పేరేదైనా పెట్టొచ్చని చాలా వెతికాను.

ఇది రాసినందుకు ఆయన ఉద్యోగం తిరిగి రాదు. ఆయనా క్షమించరు, ఎందుకంటే క్షమించాల్సింది ఉందని ఆయనకింకా తెలీదు. తల కూడా ఇప్పుడు బల్ల మీదే ఉంది, లక్కలో ఇరుక్కుని, నావైపే చూస్తూ. ఒక్క మాట మాత్రం ఎవరితోనైనా అనాలి. మీతో అంటున్నాను. ఆరేళ్ళలో ఇందులో వెటకారం కలపకుండా అనడం ఇదే మొదలు.

ఆ రోజు పొద్దున ఏడో హంసకి తల ఉంది. దావీదు గారు సరిగ్గానే చూశారు.